అన్ని దీపములు ఆరిన వేళ

సాయంకాలపు ఆరాధన జరుగుచున్న గ్రామదేవాలయములందు అప్పుడప్పుడు సంభవించు విషయ మొకటి కలదు. ముఖమండపము విద్యుద్దీపములతో వెలుగుచుండును. మైకులో స్తోత్రము వినవచ్చుచుండును. అకస్మాత్తుగా కరెంటు పోవును. మైకు మూగవోవును. భక్తులందరును ఒక్కసారిగా "అయ్యో" యందురు. చిన్నపిల్లలు తల్లుల కొంగులు పట్టుకొందురు. అయితే ఆ చీకటికి కన్ను కొంచెము అలవాటుపడగానే, గర్భాలయమున స్వామి చెంత వెలుగుచున్న నూనెదీపము కనబడును. అంతవరకు పది బల్బుల కాంతిలో ఎవరికిని ఆననట్టి ఆ చిరువెలుగులో స్వామి ముఖము మునుపటికంటె స్పష్టముగా కానవచ్చును. అర్చకుడు తొట్రుపడకయే హారతి పళ్ళెము నందుకొనును. ఆరాధన ఆగదు.

ఆ నూనెదీపము కరెంటు పోయిన తరువాత వెలిగించినది కాదు. అది ప్రాతఃకాలము నుండియు వెలుగుచునే యున్నది. కరెంటు పోవుట దానిని వెలిగింపలేదు, చూపినది మాత్రమే. మానవుడు తాను నమ్ముకొన్న సాధనములు చేయి విడిచిన వేళ భగవంతుని తలచుకొనుట కూడ ఇట్టిదియే. ఆయన ఆ క్షణమున క్రొత్తగా వచ్చినవాడు కాడు. వెనుక నుండియు ఉన్నవాడే కనబడినాడు.

ఈ విషయమును ఉపనిషత్తు మరింత లోతుగా విచారించినది. బృహదారణ్యకోపనిషత్తు నాలుగవ అధ్యాయమున, మూడవ బ్రాహ్మణమునందు, విదేహాధిపతియైన జనకమహారాజునకును యాజ్ఞవల్క్య మహర్షికిని జరిగిన సంవాద మొకటి కలదు. దానికి జ్యోతిర్బ్రాహ్మణ మని ప్రసిద్ధి. మానవుడు ఏ వెలుగును ఆధారము చేసికొని మెలగుచున్నాడని రాజు ప్రశ్న. సూర్యుని వెలుగు నాధారము చేసికొని యని మహర్షి సమాధానము. ఆ వెలుగుననే కదా మనుష్యుడు బయలుదేరి, పని చేసికొని, మరల ఇల్లు చేరుచున్నాడు! కాని జనకుడు అంతటితో తృప్తి చెందువాడు కాడు. సూర్యుడు అస్తమించిన పిమ్మట గతి యేమని అడిగెను. చంద్రుడున్నాడని మహర్షి చెప్పెను. చంద్రుడును అస్తమించినచో? అగ్ని కలదు. అగ్నియు చల్లారినచో? వాక్కు కలదు. తన చేయి తనకే కనబడని చీకటిలో సైతము, పలుకు ఎచటినుండి వినవచ్చునో అచటికి మనుష్యుడు నడచిపోగలడు. ఆ వాక్కు కూడ ఉపశమించినచో? అప్పుడు ఆత్మయే అతనికి జ్యోతి యని మహర్షి తుదిమాట చెప్పెను.

ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. జనకుడు ఒక్కొక్క దీపమును ఆర్పుచు పోయెను. యాజ్ఞవల్క్యుడు ఏ దీపమును నిందింపలేదు. సూర్యుడు నిరర్థకుడని గాని, అగ్నిని నమ్మరాదని గాని ఆయన చెప్పలేదు. ఉన్నంతవరకు ఆ వెలుగుతో పని చేసికొనవలసినదే. అది లేనప్పుడు దాని వెనుకనున్న వెలుగు ఏదో తెలిసికొనవలెను. సాధనమును సాధనముగాను, ఆధారమును ఆధారముగాను గుర్తించుటయే వివేకము. ఈ రెండింటిని తారుమారు చేసికొనుటయే దుఃఖమునకు మూలము.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ ఆదివారము నాడు విశాఖపట్టణ వాసులు ఈ ప్రశ్నోత్తరములను గ్రంథమున గాక జీవితమున చదువవలసి వచ్చెను. ఆనాడు హుద్‌హుద్ అను పెనుతుపాను ఆ నగరము చెంతనే తీరము దాటెను. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగముతో గాలి వీచెను. పట్టపగలు సూర్యుడు కానరాలేదు. వేలకొలది విద్యుత్ స్తంభములు నేల కొరగుటచే రాత్రి దీపము లేదు. విమానాశ్రయ భవనపు కప్పు దెబ్బతినెను. రైళ్ళు నిలిచిపోయెను. సెల్‌ఫోను టవర్లు పనిచేయక పలుకు సైతము ఆగిపోయెను. మోటారు తిరుగనిదే నీరు పైకెక్కని మేడలలో మంచినీటికి కటకట యయ్యెను. బ్యాంకులో సొమ్మున్నను డబ్బునిచ్చు యంత్రము పనిచేయనందున చేతిలో రూపాయి లేదు. దూరదేశములందున్న బిడ్డలు తల్లిదండ్రుల క్షేమము తెలియక తల్లడిల్లిరి. కొన్ని పేటలకు రోజుల తరబడి కరెంటు రాలేదు. జనకుడు మాటలలో ఆర్పిన దీపములను గాలి నిజముగానే ఆర్పివైచెను.

అప్పుడు మిగిలిన దేమి? మొదట మిగిలినది వాక్కే. తీగల మీదను గాలిలోను ప్రయాణించు వాక్కు కాదు. గుమ్మము ముందు నిలిచి పొరుగువానిని పేరు పెట్టి పిలుచు వాక్కు. ఏండ్ల తరబడి ఒకే మేడలో నున్నను ఒకరి పేరొకరు ఎరుగని వారు ఆ చీకటిలో మెట్ల మీద ఒకరినొకరు పిలుచుకొనిరి. బిందెడు నీరును పంచుకొనిరి. పలుకు వినవచ్చిన దిక్కునకు మనుష్యుడు నడచిపోవునని మహర్షి చెప్పినది ఇదియే. ఆ పలుకు కూడ అలసిపోయిన అర్ధరాత్రమున, మంచముపై మేలుకొని యున్న మనుష్యుని లోపల ఏది వెలుగుచున్నదో, ఏది భయమును సైతము చూచుచున్నదో, దానినే ఋషి జ్యోతి యన్నాడు. భక్తుడు దానినే అంతర్యామి యని పిలుచును.

ఇంతమాత్రము చేత యంత్రవిజ్ఞానమును తూలనాడుట శాస్త్రసమ్మతము కాదు. అది కృతఘ్నత యగును. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తిన నాడు పదివేలకు మించిన ప్రాణములు పోయెను. సముద్రము మీదికి వచ్చుచున్నదని ఎన్నో పల్లెలకు తెలియనే లేదు. 2014లో అట్లు కాలేదు. తుపాను ఎప్పుడు, ఎచ్చట తీరము దాటునో శాస్త్రజ్ఞులు కొన్ని దినములు ముందుగనే లెక్కగట్టి చెప్పిరి. లక్షలాది ప్రజలను సురక్షిత స్థలములకు తరలించిరి. అందుచేత ప్రాణనష్టము పూర్వముతో పోల్చినచో ఎంతో తక్కువ. ఆకసమునుండి మేఘములను చూచు ఉపగ్రహమును నిర్మించిన బుద్ధి ఎవరి ప్రసాదము? ధీశక్తిని ప్రేరేపింపుమని ద్విజుడు ప్రతిదినము సంధ్యావందనమున ఎవరిని వేడుచున్నాడో ఆయన ప్రసాదమే. కావున యంత్రమును వాడుట దోషము కాదు. దానిని దేవుని స్థానమున నిలుపుటయే దోషము.

ప్రకృతి విజృంభించిననే యంత్రము ఓడునని తలంచుటయు సరి కాదు. 2024వ సంవత్సరము జూలై 19వ తేదీన ఎచ్చటను గాలి లేదు, వాన లేదు. కంప్యూటర్లకు రక్షణ కల్పించుటకై పంపిన ఒక సవరణలో దొరలిన పొరపాటుచే ప్రపంచమున సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఒక్కమారుగా నిలిచిపోయెను. అనేక దేశములందు విమానములు ఆగిపోయెను. ఆసుపత్రులు, బ్యాంకులు చిక్కులపాలయ్యెను. హైదరాబాదు విమానాశ్రయమున సైతము ప్రయాణికులకు బోర్డింగు పాసులను కలముతో వ్రాసి యిచ్చిరి. రక్షించుటకై పెట్టుకొన్నదే భంగమునకు కారణ మయ్యెను. కావలివాడే తలుపునకు అడ్డముగా నిద్రించినట్లయ్యెను. ఇందు ఎవరినైనను నిందించి ప్రయోజనము లేదు. మానవ నిర్మితమైన దానియందు ఎప్పుడో ఒకప్పుడు జారుపాటు తప్పదు. నిర్మించినవాడే జారు స్వభావము కలవాడు గదా!

ఈ జారుపాటునకే సంస్కృతమున చ్యుతి యని పేరు. అది లేనివాడు అచ్యుతుడు. విష్ణుసహస్రనామములందు ఈ నామము ఒక్కమారు గాక పలుమారులు వచ్చును. తన స్వరూపము నుండి గాని, తన శక్తి నుండి గాని, తన్నాశ్రయించినవారి నుండి గాని ఎన్నడును జారనివాడని పెద్దలు దానికి అర్థము చెప్పుదురు. ఆచమనమున అచ్యుతుని తలచుట, ఔషధసేవన వేళ అచ్యుతుని స్మరించుట మన యిండ్లలో పారంపర్యముగా వచ్చుచున్న ఆచారములు. దీని భావము మిక్కిలి సరళమైనది. ఔషధము పనిచేయవచ్చును, చేయకపోవచ్చును. దానిని పుచ్చుకొను చేయి వణకవచ్చును. జారనివాని నామమును ముందు పట్టుకొని, పిదప జారు స్వభావము కల వస్తువును చేపట్టుమని పెద్దల హితవు.

స్థిరత్వమునకు లోకము చూపు ఉదాహరణము ధ్రువనక్షత్రము. సవతితల్లి త్రోసివేసిన పసివాడు కదలని స్థానమును కోరి తపస్సు చేసి, చుక్కలన్నియు తన చుట్టు తిరుగు పదవిని పొందెనని భాగవతకథ. దిక్సూచి లేని కాలమున నావికులు ఆ చుక్కను చూచియే దారి తెలిసికొనెడివారు. అయితే జ్యోతిశ్శాస్త్రము మరియొక మాట చెప్పుచున్నది. భూమి యొక్క అక్షము దాదాపు 26,000 సంవత్సరముల కొకమారు బొంగరము వలె వలయముగా తిరుగుచుండుటచే, ధ్రువస్థానమున నిలుచు చుక్కయు మారుచుండును. అయిదువేల యేండ్లకు పూర్వము ఉత్తరదిక్కును చూపిన నక్షత్రము వేరు, ఇప్పుడు చూపుచున్నది వేరు. లోకము స్థిరమునకు గుర్తుగా ఎంచుకొన్నది సైతము కదలుచునే యున్నది. ధ్రువుడు పొందిన స్థానము కంటె ధ్రువునకు దానిని ప్రసాదించినవాడే ధ్రువమైనవాడు. అందుచేతనే సహస్రనామములలో ధ్రువుడను పేరును స్వామికే కలదు.

ఇచ్చట విచారశీలుడు ఒక ప్రశ్న వేయక మానడు. దేవుడు అంత స్థిరుడైనచో ఉప్పెన ఏల వచ్చెను? ఆ రాత్రి దివిసీమలో బిడ్డను చంకనెత్తుకొని దేవుని పిలిచిన తల్లి మొర ఆయనకు వినబడలేదా? ఈ ప్రశ్నను దాటవేయు ప్రసంగము ప్రసంగము కాదు. పోయినవారికి భక్తి చాలదని చెప్పు నాలుక పాపము మూటగట్టుకొనును. భక్తులకు ఆపద రాదని శాస్త్ర మెచ్చటను చెప్పలేదు. అట్లు చెప్పియున్నచో పాండవులకు అరణ్యవాసమే లేకుండవలెను. ప్రహ్లాదునకు అగ్నియు విషమును ఎదురు కాకుండవలెను. ఆపద రాకుండుట భగవంతుని స్థిరత్వము కాదు. ఆపదలోను, ఆపదకు ఆవలను, తుదకు మరణమునకు ఆవలను బంధము తెగకుండుటయే ఆయన స్థిరత్వము. గాలికి తెగిపోవునది తీగ. తండ్రికిని బిడ్డకును గల సంబంధము గాలికి తెగునది కాదు.

దీనికి మహాభారతమున మౌసలపర్వము మనసును కలచివేయు నిదర్శనము. శ్రీకృష్ణుడు అవతారము చాలించిన తరువాత అర్జునుడు ద్వారకలో మిగిలిన స్త్రీలను, వృద్ధులను, బాలురను వెంటబెట్టుకొని ఇంద్రప్రస్థమునకు బయలుదేరెను. త్రోవలో పంచనద దేశమున దొంగలు కఱ్ఱలు పట్టుకొని వారిపై బడిరి. అర్జునుడు గాండీవము నెత్తెను. కురుక్షేత్రమున మహారథుల నెదిరించిన ధనుస్సును ఎక్కుపెట్టుటయే ఆనాడు కష్టమయ్యెను. దివ్యాస్త్రములను తలచుకొనెను, ఒక్కటియు స్ఫురింపలేదు. తఱుగని అమ్ములపొదులు తఱిగిపోయెను. చివరకు వింటి కొనతో కొట్టవలసి వచ్చెను. తన్ను నమ్మి వెంట వచ్చినవారిలో అనేకులను ఆయన కాపాడలేకపోయెను. ఆ కాలపు వీరునకు అంతకు మించిన సాధనము లేదు. అది కన్నుల యెదుటనే వట్టి కొయ్య యయ్యెను.

సిగ్గుతోను శోకముతోను క్రుంగిన అర్జునుడు వ్యాసమహర్షిని దర్శించెను. ఆ అస్త్రములు వచ్చిన పని ముగిసినది గనుక వచ్చిన చోటికే పోయినవని మహర్షి ఓదార్చెను. అనగా శక్తి ధనుస్సుది కాదు, ధనుస్సును పట్టిన చేతిదియు కాదు. ఇచ్చినవాని శక్తి. భాగవతము ఈ కథకు తరువాయిని చెప్పుచున్నది. గాండీవము పోయెను, సారథియు కన్నులకు కానరాలేదు. అయినను రణరంగమున తనకు సారథి బోధించిన ఉపదేశమును అర్జునుడు స్మరించెను. స్మరించినంతనే శోకము తొలగి మనసు శాంతించెను. విల్లు తిరిగి రాలేదు. పోయినవారును తిరిగి రాలేదు. కాని మాట నిలిచినది. ఆ మాటలో ఆయన నిలిచినాడు. సాధనము పోయినప్పుడు సాధనమే మరల చేతికి వచ్చుట విశ్వాసమునకు ఫలమని తలంచువారు ఈ ఘట్టమును పదేపదే చదువవలెను.

శరణాగతి శాస్త్రమున ప్రపత్తికి చెప్పిన అంగములలో మహావిశ్వాస మొకటి. రక్షించునన్న దృఢమైన నమ్మకము దాని స్వరూపము. దీనికి ముందు మహా అను విశేషణము ఏల? విశ్వాస మందరికిని కలదు. మీట నొక్కినచో దీపము వెలుగునన్న నమ్మకము పసిబిడ్డకును కలదు. అది అలవాటు వలన కలిగినది. ఒక్కమారు వెలుగకపోయినచో సడలును. మహావిశ్వాస మట్టిది కాదు. దీపము వెలుగని రాత్రియందును సడలనిది అది. ఫలమును చూచి పుట్టినది ఫలముతో పోవును. ఫలదాతను ఎరిగి పుట్టినది నిలుచును.

అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండుట ప్రపత్తి కాదు. తుపాను వెలసిన మరునాటి నుండి ఇతర జిల్లాల నుండియు వచ్చిన విద్యుత్ కార్మికులు రాత్రింబవళ్ళు స్తంభములెక్కి తీగలు బిగించిరి. తమ యింట దీపము వెలుగుచున్నదో లేదో చూచుకొనక పరుల యింట దీపము వెలిగించినవారు వారు. అది కర్మయోగము కాక మరేమి? నమ్మినవాడు పని మానడు. భయము మాని పని చేయును. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇల్లు విడిచి సురక్షిత స్థలమునకు పోవుట అవిశ్వాసము కాదు. ఆ హెచ్చరికయు ఆయన వాక్కే యని గ్రహించి లేచి నడచుటయే విశ్వాసము.

నిత్యజీవితమున గృహస్థు దీని కొరకు చేయవలసినది పెద్దపని కాదు. నేడు స్తోత్రములన్నియు చేతిలోని ఫోనునందే యున్నవి. మంచిదే. దూరమున నున్నవారికి, చూపు మందగించిన వృద్ధులకు అది యెంతో మేలు. కాని ఫోనులో నున్న స్తోత్రము ఫోనుది. కంఠమున నున్నది మనుష్యునిది. ఛార్జింగు అయిపోయిన రాత్రి మనవడు వెదకుకొనుచున్న సహస్రనామమును అక్షరము తప్పక అవ్వ చెప్పగలదు. పూర్వులు వేదమును పదము, క్రమము, జట, ఘనము అను పాఠములుగా త్రిప్పి త్రిప్పి వల్లించి, వ్రాతతో పని లేకుండ, స్వరము చెడకుండ వేలయేండ్లు కాపాడిరి. ఆ వేదపఠన సంప్రదాయమును యునెస్కో సంస్థ 2003లో మానవజాతి వారసత్వములలో శ్రేష్ఠమైనదిగా ప్రకటించినది. ఏ తీగయు, ఏ యంత్రమును లేకుండ గురువు నోటినుండి శిష్యుని చెవికి నడచివచ్చిన సంపద అది. అందులో ఒక్క చిన్న స్తోత్రమునైనను, రోజునకు ఒక్క పంక్తి చొప్పుననైనను, ప్రతి గృహస్థుడును కంఠస్థము చేసికొని బిడ్డలకు నేర్పవలెను. ఆ పంక్తి ఏ రాత్రి అక్కరకు వచ్చునో ఎవ్వ రెరుగుదురు?

రెండవది, దినమున కొక్కమారు కొంతసేపు యంత్రముల నన్నింటిని కట్టివేసి, ఒక్క దీపము ముందు కూర్చుండవలెను. తుపాను ఆర్పుటకు ముందే తానై ఆర్పి చూచుకొనుట యిది. జనకుడు చేసినది కూడ ఇంతే. ఆయన రాజ్యమున సూర్యచంద్రులకు కొదువ లేదు. మిథిలలో దీపములకు కొదువ లేదు. అన్నియు వెలుగుచుండగనే, ఆరినచో ఏమి మిగులునని అడిగి తెలిసికొనినవాడు కనుకనే ఆయన రాజర్షి యనిపించుకొనెను. చీకటి పడిన తరువాత అగ్గిపెట్టెకై తడుముకొనుట కంటె, పగటివేళనే దాని చోటు తెలిసికొని యుంచుట మేలు కదా!

ఆ గ్రామదేవాలయమున కొంతసేపటికి కరెంటు వచ్చును. బల్బులు వెలుగును. మైకు మరల పలుకును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు. గర్భాలయములోని నూనెదీపము మరల ఎవరికిని ఆనకుండ పోవును. అది చిన్నబుచ్చుకొనదు. చూచినప్పుడు వెలిగినట్లే చూడనప్పుడును వెలుగును. హారతి కన్నుల కద్దుకొని వెలుపలికి వచ్చు భక్తుడు ఆ చీకటి నిమిషములలో తాను చూచిన ముఖమును మఱవకుండిన చాలును. నూనెదీపమునకైనను ఎవరో ఒకరు నూనె పోయవలెను. ఆ దీపము చూపిన స్వామికి మాత్రము ఎవరును నూనె పోయనక్కరలేదు. అట్టి అచ్యుతుడు అన్ని దీపములు వెలుగుచున్న వేళను, అన్నియు ఆరిన వేళను సర్వజనులను ఒక్క రీతిగా కాపాడుగాక.